శవానికి పురుగులు ‘పుట్టడమా’, ‘పట్టడమా’?

ఫోరెన్సిక్ కీటకశాస్త్రం మీద ఒక అనువాదాన్ని సరిచూస్తూ, “శవంలో పురుగులు పుట్టిన సమయాన్ని బట్టి మరణకాలాన్ని నిర్ణయిస్తారు” అన్న వాక్యం దగ్గర ఆగిపోయాను. వ్యాకరణదోషం ఏమీ లేదు, ఇళ్లలో మనం అనే మాటే అది. అయినా అక్కడ ‘పుట్టిన’కు బదులు ‘పట్టిన’ ఉండాలని నా అభిప్రాయం.

పుట్టడం అంటే కుళ్లిన మాంసమే పురుగుగా మారినట్టు ధ్వనిస్తుంది. ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ 1668లో మాంసం ఉంచిన పాత్రల్లో కొన్నిటిని తెరిచి ఉంచి, కొన్నిటికి పలుచని గుడ్డ కట్టి చూసినప్పుడు, తెరిచిన వాటిలోనే పురుగులు కనిపించాయి. బూజు, చీడ, చివరికి దయ్యం కూడా మన భాషలో ‘పట్టేవే’. అన్నీ బయటి నుంచి వచ్చి చేరేవే.

లోహంలా మెరిసే నీలి, పచ్చ ఈగలు శవం కళ్లు, ముక్కు, నోరు, గాయాల దగ్గర గుడ్లు పెడతాయి. లెక్క మొదలయ్యేది అక్కడి నుంచే గాని ప్రాణం పోయిన క్షణం నుంచి కాదు. శవాన్ని దుప్పటిలో చుట్టినా, వాన పడినా, రాత్రయినా ఈగ రాక ఆలస్యమవుతుంది కనుక తేలేది మరణించి గడిచిన కనీస కాలం మాత్రమే. డింభకాన్ని, అంటే గుడ్డు నుంచి వచ్చిన పురుగును, సూక్ష్మదర్శిని కింద పెట్టి వెనుక కొస చూస్తే, శ్వాసరంధ్రాలలో ఎదుగుదల రెండో దశలో రెండేసి చీలికలు, మూడో దశలో మూడేసి కనిపిస్తాయి. ఆ దశకు అక్కడి ఉష్ణోగ్రతను జోడించి వయసు కడతారు. 1935లో స్కాట్లాండ్‌లోని మోఫట్ దగ్గర దొరికిన శరీరభాగాల మీది డింభకాలకు గ్లాస్గోకు చెందిన అలెగ్జాండర్ మెర్న్స్ సుమారు 12 నుంచి 14 రోజుల వయసు కట్టారు. ఆ సంఖ్య పురుగులది. మరణం అంతకు ముందే జరిగి ఉండాలన్నది దాని నుంచి తీసిన నిర్ణయం.

ఇక ‘పడటం’ సంగతి. గేదె పుండులో పురుగులు పడ్డాయంటాం. గేదె బతికే ఉంటుంది. “పురుగులు పడి పోతావు” అన్న శాపంలోని కసి కూడా అదే, ప్రాణం ఉండగానే ఆ గతి పట్టాలని. ఆలనాపాలనా లేని రోగి పుండులో ముందే పురుగులు పడి ఉంటే, వాటి వయసును బట్టి కట్టిన మరణకాలం అసలు తేదీ కంటే వెనక్కి పోతుంది. అందువల్ల బతికిన దేహానికి ‘పడిన’, శవానికి ‘పట్టిన’ అని వేరు చేసి రాయడం మేలు. శవం మీదికి పురుగులు చేరడాన్ని చెప్పే ‘కీటక వలసీకరణ’ అనే పాఠ్యపుస్తకపు మాటకు ఇక్కడ పనేమీ లేదు.

సార్కోఫాగా జాతి ఈగ ఈ విభజనకు కొంచెం అడ్డు వస్తుంది. అది సాధారణంగా గుడ్లు పెట్టకుండా కదిలే డింభకాలనే వదులుతుంది కనుక, గుడ్డు పొదిగే గంటలను దాని లెక్కలో కలపకూడదు. అనువాదంలో ఆ ఈగ గురించిన పేరాలో మాత్రం “ఈగ కడుపులోనే పుట్టి శవానికి పట్టిన డింభకాలు” అని రెండు క్రియలూ ఉంచాను.