అప్‌డేట్: తమ్ముడు గే అని చెప్పాక చర్చిలో మా పరిస్థితి

తమ్ముడు తను గే అని చెప్పాడు, క్రైస్తవ విశ్వాసం వదలకుండా వాడిని పూర్తిగా అంగీకరించగలనా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

మీరు చెప్పినట్టే, బైబిల్లో స్వలింగ సంబంధాలను తప్పుబట్టే రోమా పత్రిక 1వ అధ్యాయం దగ్గర ఆగకుండా 2వ అధ్యాయంలోకి వెళ్లాను. అక్కడ పౌలు తీర్పు తీర్చేవాళ్లనే నిలదీస్తాడు. నన్ను ఎక్కువగా కదిలించింది అపొస్తలుల కార్యములు 8. నపుంసకులు దేవుని సమాజంలో చేరకూడదని పాత నిబంధనలోని ద్వితీయోపదేశకాండము అంటే, ఫిలిప్పు ఐతియొపీయ నపుంసకుడికి దారిలోనే బాప్తిస్మం ఇచ్చాడు. అది స్వలింగ ప్రేమ గురించి కాదు, నిజమే. కానీ బయట ఉంచినవాడిని దేవుడు లోపలికి పిలిచాడు!

సంఘాలది ఒకే మాట కాదు. 2023 డిసెంబరులో కాథలిక్కుల కేంద్రమైన వాటికన్ స్వలింగ జంటలను ఆశీర్వదించవచ్చంది, పెళ్లిగా మాత్రం ఒప్పుకోలేదు. యునైటెడ్ మెథడిస్ట్ చర్చి 2024లో గే, లెస్బియన్ పాస్టర్ల అభిషేకంపై నిషేధాన్ని ఎత్తేసింది.

మా పాస్టర్ గారి అభిప్రాయం మాత్రం మారలేదు. తమ్ముడు ఆరాధనకు రావచ్చు గానీ క్వయర్‌లో పాడొద్దన్నారు. చాలా బాధేసింది, వాడి ప్రార్థనంతా పాటలోనే ఉంటుంది. అమ్మ మాత్రం వాడితో కూర్చుని మళ్లీ ప్రార్థన చేస్తోంది. వాడిని పాడనిచ్చే సంఘం కోసం చూస్తున్నాం, దొరికితే నేనూ అక్కడికే మారతాను.