సర్వీస్ కాల్ నమోదు: బటన్ నొక్కాలా, లొకేషన్‌కే వదిలేయాలా?

సూపర్‌వైజర్, లిఫ్ట్ మెయింటెనెన్స్, హైదరాబాద్

మా సంస్థ అపార్ట్‌మెంట్ల లిఫ్టులకు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) పనులు చేస్తుంది. టెక్నీషియన్లు రోజంతా బైకుల మీద తిరుగుతూ, సైటుకు చేరిన సమయాన్నీ పని ముగిసిన సమయాన్నీ వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రం ఆఫీసులో ఒకరు కూర్చుని వాటిని ఎక్సెల్ షీటులోకి ఎక్కిస్తారు. ఈ శ్రమ తగ్గించడానికి యాజమాన్యం రెండు మార్గాలు ఆలోచిస్తోంది. మొదటి పద్ధతిలో ఫోన్ హోమ్ స్క్రీన్ మీద ఒక బటన్ ఉంటుంది, నొక్కిన క్షణాన సమయమూ లొకేషనూ షీటులో ఒక వరుసగా చేరతాయి. రెండో పద్ధతి జియోఫెన్స్. ప్రతి సైటు చుట్టూ మ్యాపులో ఒక వలయం గీస్తే, ఫోన్ అందులోకి రాగానే ‘చేరారు’ అనీ, దాటగానే ‘బయలుదేరారు’ అనీ తనంతట తానే నమోదు చేసుకుంటుంది. నా మొగ్గు రెండోదాని వైపే ఉంది. మనిషి మరచిపోతాడు, ఫోన్ మరచిపోదు. పైగా పెట్రోలు బిల్లుల దగ్గర వాదులాట కూడా తప్పుతుంది. అనుభవం ఉన్నవారు అభిప్రాయం చెప్పగలరు.

ఆండ్రాయిడ్ డెవలపర్, బెంగళూరు

ఫోన్ మరచిపోదన్న మాట దగ్గరే నాకు అభ్యంతరం ఉంది. వలయం వ్యాసార్థం కనీసం 100 నుంచి 150 మీటర్లు ఉంటేనే జియోఫెన్స్ బాగా పనిచేస్తుందని డెవలపర్లకు గూగుల్ ఇచ్చే సూచనల్లోనే ఉంది. కూకట్‌పల్లిలో అంత మేర ఎన్ని అపార్ట్‌మెంట్లు పడతాయో మీకే బాగా తెలుసు. ఒకే వీధిలో రెండు సైట్లు ఉంటే వలయాలు ఒకదానిమీదకు ఒకటి వస్తాయి. టెక్నీషియన్ మొదటి అపార్ట్‌మెంటు సెల్లారులో బండి పెట్టేసరికి రెండోదానికి కూడా ‘చేరారు’ అని పడుతుంది. వీధి చివర టీ తాగినా హాజరు పడుతుంది. ఇక సమయం సంగతి చూస్తే, ఆండ్రాయిడ్ 8 నుంచి బ్యాటరీ ఆదా కోసం వెనుక నడిచే యాప్‌లకు లొకేషన్ తరచుగా అందడం లేదు కాబట్టి, వలయం దాటిన విషయం యాప్‌కు తెలియడానికి మామూలుగానే రెండు మూడు నిమిషాలు పడుతుంది, ఫోన్ చాలాసేపు కదలకుండా ఉంటే ఆరు నిమిషాల దాకా పట్టవచ్చు. మన దగ్గర ఎక్కువగా అమ్ముడుపోయే కొన్ని ఫోన్లయితే యాప్‌నే మూసేస్తాయి.

బటన్‌తో ఈ గొడవ చాలావరకు ఉండదు, నొక్కినప్పుడు మాత్రమే అది లొకేషన్ అడుగుతుంది. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వేర్వేరు యాప్‌లను ఒకదానితో ఒకటి కలిపి పని చేయించే ఐఎఫ్‌టీటీటీ సంస్థ 2015లోనే ‘డూ బటన్’ అనే యాప్ తెచ్చింది. ఒక్క నొక్కుతో పనిగంటలను గూగుల్ షీటులో ఎక్కించుకోవడానికి చాలామంది దాన్ని వాడారు.

ఏరియా మేనేజర్, మందుల మార్కెటింగ్, విజయవాడ

డెవలపర్ గారు చెప్పినవి సాంకేతికంగా నిజమే కావచ్చు, కానీ ఫీల్డు మనుషులతో రోజూ వ్యవహరించే మాకు తెలిసిన నిజం వేరు. వచ్చినప్పుడు బటన్ నొక్కుతారు, వెళ్లేటప్పుడు నొక్కరు. నెలాఖరున షీటు తెరిస్తే చాలా కాల్స్‌కు ‘ఇన్’ ఉంటుంది, ‘అవుట్’ ఉండదు. ఆ ఖాళీలు నింపడానికి అందరికీ ఫోన్లు చేస్తే నోటికొచ్చిన సమయం చెబుతారు, దాన్నే మనం రికార్డు అంటాం. మనిషి వారం తరవాత ఊహించి చెప్పిన ‘అవుట్’ కంటే, ఆరు నిమిషాల తేడాతో ఫోన్ రాసుకున్న ‘అవుట్’ ఎంతో నయం. ఇంట్లో కూర్చుని మాక్ లొకేషన్‌తో, అంటే ఫోన్‌లో దొంగ లొకేషన్ పెట్టి, కాల్ చూపించేవారి బెడద అంటారా, అది రెండు పద్ధతులకూ ఉంది.

లిఫ్ట్ టెక్నీషియన్, వరంగల్

పని చేసేవాడిగా నా మాట కూడా వినండి. లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని కాల్ వస్తే, బండికి స్టాండు వేసి మెషీన్ రూముకు మెట్లెక్కడమే గానీ జేబులోంచి ఫోన్ తీసే తీరిక ఉండదు. మెయిన్ ఆఫ్ చేసి, బ్రేకు వదిలి, చేత్తో చక్రం తిప్పి కేబిన్‌ను దగ్గరి అంతస్తుకు తెచ్చాకే మిగతా సంగతులు. అప్పటికి చేతుల నిండా గ్రీజు ఉంటుంది, వేలిముద్రతో ఫోన్ తెరుచుకోదు. అటువంటి కాల్స్‌కు చేరిన సమయం దానంతటదే పడితే మాకే మేలు, ఎందుకంటే ఆలస్యంగా వచ్చామని అసోసియేషన్ వారు ఫిర్యాదు చేసేది సరిగ్గా ఆ కాల్స్ మీదే.

అయితే దానికోసం లొకేషన్‌ను ‘ఎల్లవేళలా అనుమతించు’ అని పెట్టమంటారు. ఫోన్ నాది, రీచార్జి నాది. ఆదివారం నేను ఏ ఆసుపత్రికి వెళ్లానో, ఏ పార్టీ ఆఫీసు ముందు ఆగానో కంపెనీకి ఎందుకు? సైటు వలయాలు తప్ప వేరేవీ నమోదు కావని సూపర్‌వైజర్ గారు అనవచ్చు, కానీ ఒకసారి అనుమతి ఇచ్చాక యాప్ ఏం పంపుతోందో మాకు కనపడదు కదా.

న్యాయవాది, హైదరాబాద్

ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే ఉద్యోగి వివరాలను వాడుకోవడానికి 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం 7వ సెక్షన్ వీలు కల్పిస్తోంది, కాబట్టి ‘నేను ఒప్పుకోలేదు’ అన్న వాదన ఒక్కటే టెక్నీషియన్ గారిని కాపాడకపోవచ్చు. అయితే ఆదివారపు లొకేషన్ ఏ ఉద్యోగ అవసరమో చెప్పడం యాజమాన్యానికి కష్టమే. 2015లో కాలిఫోర్నియాలో ఒక సేల్స్ ఉద్యోగిని, డ్యూటీ లేని వేళల్లోనూ లొకేషన్ పంపే యాప్‌ను తీసేసినందుకు తనను ఉద్యోగం నుంచి తొలగించారని కోర్టుకెక్కింది. అక్కడ ఆ ఫోన్ కంపెనీ ఇచ్చినదే. ఇక్కడ సొంత ఫోన్.

ఆండ్రాయిడ్ డెవలపర్, బెంగళూరు

టెక్నీషియన్ గారు చెప్పిన బ్రేక్‌డౌన్ కాల్ విషయంలో బటన్ చాలదని ఒప్పుకోవాల్సిందే. దానికి మధ్యేమార్గం ఉంది. కాల్ తీసుకునేటప్పుడు టెక్నీషియన్ ఒకసారి నొక్కుతారు. అక్కడి నుంచి కాల్ మూసేదాకా మాత్రమే లొకేషన్ నడుస్తుంది, నడుస్తున్నంతసేపూ నోటిఫికేషన్ పైన కనపడుతూనే ఉంటుంది. దీనికి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అన్న అనుమతి సరిపోతుంది. వలయం దాటితే ‘పని ముగిసిందా?’ అని ఫోన్ అడుగుతుంది, మనిషి అవునంటేనే నమోదవుతుంది. ఐఫోన్ షార్ట్‌కట్స్‌లో 2019లో లొకేషన్ ఆటోమేషన్ వచ్చినప్పుడు ఆపిల్ కూడా ఇలాగే ముందు అడిగేలా పెట్టింది.

లొకేషన్ ఉంటే పని జరిగినట్టేనని అనుకునేవారు ఉపాధి హామీ పథకాన్ని చూడాలి. 2023 జనవరి 1 నుంచి అక్కడ పనిచోట రోజుకు రెండుసార్లు జియోట్యాగ్ ఫోటోలతో (తీసిన చోటు వివరం నమోదయ్యే ఫోటోలు) హాజరు వేయడం తప్పనిసరి చేశారు. పనికి సంబంధం లేని ఫోటోలు, ఫోటోకు ఫోటో తీసినవి అప్‌లోడ్ అవుతున్నాయని 2025 జులైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. ఫోన్ ఎక్కడుందన్నదే లొకేషన్ చెబుతుంది. పని మొదలైందని చెప్పాల్సింది మనిషే, దానికి లొకేషన్ సాక్ష్యంగా మాత్రమే ఉండాలి.

ఏరియా మేనేజర్, విజయవాడ

అదే ఆపిల్ 2023లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 17తో, అడగకుండా వెంటనే నడిపించే వీలు కూడా ఇచ్చిందని మీరు చెప్పలేదు. ‘పని ముగిసిందా?’ అన్న ప్రశ్న సాయంత్రానికి మిగతా నోటిఫికేషన్ల కింద కప్పబడిపోతుంది. జవాబు రాకపోతే వలయం దాటిన సమయాన్నే రాసుకోమనండి, అప్పుడు ఒప్పుకుంటాను.

సూపర్‌వైజర్, హైదరాబాద్

జవాబు రానిచోట ఫోన్ సమయమే ఉండాలన్న మేనేజర్ గారి సవరణ నాకు సబబుగానే ఉంది, అది ఫోన్ రాసినదని షీటులో వేరే రంగుతో తెలిస్తే చాలు. పెట్రోలు బిల్లు సంగతే తేలలేదు. రోజంతా లొకేషన్ లేకుండా కిలోమీటర్లు ఎలా లెక్కిస్తాం?

లిఫ్ట్ టెక్నీషియన్, వరంగల్

ఒక సైటులో ‘అవుట్’ పడిన చోటు నుంచి తరవాతి సైటులో ‘ఇన్’ పడిన చోటుకు రోడ్డు దూరం మ్యాపే చెబుతుంది, దాని ప్రకారం కన్వేయన్స్ (ప్రయాణ ఖర్చు) ఇవ్వండి. స్పేర్ పార్టుల కోసం షాపుకు వెళ్లిన దూరానికి బిల్లు జతచేస్తాం. నాది ఒక్కటే షరతు: ఆ రోజు షీటు మా ఫోన్‌లో మాకూ కనపడాలి, తప్పు పడితే కారణం రాసి సవరించుకునే వీలుండాలి, పాత నమోదు చెరిగిపోకుండా పక్కనే ఉండాలి. నేను వెళ్లని అపార్ట్‌మెంటు పేరు నా లెక్కలో పడితే, జీతం కోసే రోజున కాకుండా ఆ సాయంత్రమే నాకు తెలియాలి.