అప్‌డేట్: హైబ్రిడ్ కారు, వెనక సీటు జాలీ, చిన్న బ్యాటరీ

మహబూబ్‌నగర్ నుంచి అడిగింది నేనే. కొత్త హైబ్రిడ్ కారులో (పెట్రోల్ ఇంజిన్, కరెంటు మోటారు రెండూ ఉండేది) వెనక సీటు పక్కన జాలీ దేనికని, కారు చాలా రోజులు కదలకపోతే ఏమవుతుందని అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

జాలీ సంగతి తేలింది. మోటారుకు కరెంటిచ్చే పెద్ద బ్యాటరీ చల్లబడటానికి గాలి అక్కడి నుంచే లోపలికి పోతుందట. అమ్మ ఊరి నుంచి తెచ్చే బియ్యం సంచి సరిగ్గా దానికే ఆనేది, ఇప్పుడు డిక్కీలో పెడుతున్నాం. సర్వీసులో ఫిల్టర్ తీసి చూపించారు. ఎర్రమట్టి దుమ్ము మందంగా పట్టి, వేలితో గీస్తే చార పడింది! మట్టిరోడ్ల మీద తిరిగేవాళ్లు దీన్ని తరచూ చూపించుకోండి.

కారును లేపేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. కారు చాలా రోజులు కదలకపోతే అది దిగిపోతుంది, అప్పుడు పెద్దది నిండుగా ఉన్నా లాభం లేదు. అందుకే ఊరెళ్లినప్పుడు తమ్ముడు వారానికోసారి బ్రేక్ తొక్కి బటన్ నొక్కి, బండి కదలడానికి సిద్ధమని చెప్పే 'రెడీ' లైట్ వచ్చాక అరగంటో గంటో ఉంచుతాడు. ఉత్త ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఛార్జింగ్ ఎక్కదు. మూసిన షెడ్డులో మాత్రం వద్దు, ఇంజిన్ దానంతటదే స్టార్టయి పొగ నిండుతుంది.

శ్రీశైలం ఘాట్ దిగేటప్పుడు 'బి' గేరు (ఇంజిన్‌తోనే వేగం తగ్గించేది) వేశాను. బ్రేకుల మీద భారం బాగా తగ్గింది.

నాన్నతోనే టెన్షన్. చప్పుడు లేదు కదా, బండి ఆగిపోయిందనుకుని 'రెడీ'లోనే దిగబోతారు. హై వోల్టేజ్ కరెంటు పారే నారింజ రంగు వైర్ల జోలికి మాత్రం యాక్సెసరీస్ షాపు వాళ్లను పోనివ్వలేదు.