నాయనకి యూరిన్ బ్యాగ్ ఉంది, వుజూ (నమాజ్‌కి ముందు కడుక్కోవడం) ఎలా? నమాజ్ మానేశాడు

ప్రశ్న:
అస్సలాము అలైకుం. మాది గుంటూరు వైపు, ఇంట్లో తెలుగే, ఉర్దూ సరిగ్గా రాదు, అందుకే ఇక్కడ అడుగుతున్నా. నాయనకి 72 ఏళ్ళు. పోయిన నెల జారిపడి తుంటి విరిగితే ఆపరేషన్ చేశారు, కుడి మణికట్టుకి సిమెంటు కట్టు, మూత్రానికి పైపు పెట్టి బ్యాగ్ తగిలించారు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఒక్క ఫజర్ (తెల్లవారుజాము నమాజ్) వదలడం చూడలేదు, అలాంటి మనిషి ఇప్పుడు అజాన్ వినపడితే గోడ వైపు మొహం తిప్పుకుంటున్నాడు. ఏంది నాయనా అంటే "పక్కన ఉచ్చ సంచి పెట్టుకుని అల్లా ముందుకి ఎట్టా పోయేదిరా, నేను నాపాక్" (అపవిత్రుణ్ణి) అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటున్నాడు. ఏం చెప్పాలో తెలియట్లేదు, ఎవరైనా చెప్పండి.

జవాబు 1:
వ అలైకుం సలాం తమ్ముడూ. ముందు ఆ నాపాక్ అన్న మాట ఆయన నోట్లోంచి తీసెయ్యాలి. ప్రవక్త సహచరుడు అబూ హురైరా గారు ఒకసారి గుసుల్ (పూర్తి స్నానం) లేని హాలత్‌లో ఉండి ప్రవక్త (స) కనపడితే సిగ్గుపడి పక్కకి తప్పుకుపోయి స్నానం చేసొచ్చారు, విషయం తెలిసి ప్రవక్త అన్నది ఏంటంటే, సుబ్‌హానల్లాహ్, మోమిన్ (విశ్వాసి) అపవిత్రుడు కాడు అని. బుఖారీ హదీసు గ్రంథంలో ఉంది. పోయేది వుజూ, మనిషి కాదు.

ఇక మస్‌అలా (ధర్మ నియమం). ఆగకుండా మూత్రం వచ్చేవాళ్ళని, ఇస్లాం ధర్మశాస్త్ర పద్ధతుల్లో ఒకటైన హనఫీ ఫిఖ్‌లో మాజూర్ (మినహాయింపు ఉన్నవాళ్ళు) అంటారు. ప్రతి నమాజ్ వక్త్‌కి (వేళకి) ఒక కొత్త వుజూ చేసుకుంటే చాలు, ఆ వక్త్ అయిపోయేదాకా ఆ మూత్రం వల్ల వుజూ పోదు (వేరే కారణాలతో పోతే పోతుంది). బ్యాగ్ ముందే ఖాళీ చేసి పెట్టండి. నిలబడలేకపోతే కూర్చుని, అదీ కుదరకపోతే పడుకుని సైగలతో చదవచ్చు. మీ మస్జిద్ ఇమాం సాబ్‌ని ఇంటికి పిలిచి నాయన ముందే చెప్పించండి, కొడుకు చెప్తే పెద్దవాళ్ళకి నమ్మకం కుదరదు.

జవాబు 2:
మా అమ్మీకి రెండేళ్ళు మంచంలోనే చేయించాను కాబట్టి చెప్తున్నా. నడుం కింద రెగ్జిన్ షీటు, దాని మీద టవల్, మొహం కింద ఒక వెడల్పు బేసిన్, చేతిలో ఒక్క మగ్గు నీళ్ళు, అంతే. ప్రవక్త (స) ఒక ముద్ (పాత కొలత) నీళ్ళతో వుజూ చేసేవారట, అది లీటరు కూడా ఉండదు, మనం కొళాయి తిప్పి బకెట్టు పారబోస్తాం. కట్టు ఉన్నచోట నీళ్ళు పొయ్యకూడదు, తడి చేత్తో పైన మసహ్ చేస్తే (అంటే తుడిస్తే) సరిపోతుంది, కట్టు బయట ఉన్న వేళ్ళూ మోచెయ్యీ మాత్రం కడగాలి. మడమల దగ్గర జాగ్రత్త, పడుకున్నవాళ్ళకి అక్కడే పొడిగా మిగిలిపోతుంది.

నీళ్ళు తగిలితే రోగం ముదురుతుందని డాక్టర్ అంటే తయమ్ముం (నీళ్ళు లేకుండా మట్టితో చేసే శుద్ధి) ఉంది. మేం పెయింట్ లేని మట్టి ఇటుక ఒకటి కడిగి ఎండబెట్టి మంచం కింద పెట్టేవాళ్ళం. అమ్మీ దాని మీద చేతులు కొట్టి, దులుపుకుని మొహం తుడుచుకునేది, మళ్ళీ కొట్టి మోచేతులదాకా తుడుచుకునేది. అహ్లె హదీస్ (ముస్లింలలో ఇంకో వర్గం) వాళ్ళు ఒక్కసారే కొట్టి మణికట్టుదాకా చేస్తారు, మీ నాయన అలవాటు ఏదైతే అది చేయించండి.

జవాబు 3:
నేను ముస్లింని కాదు, ఒక సందేహం. మా నాయనమ్మ మడి కట్టుకుంటే ఎవరు తాకినా మళ్ళీ స్నానమే. మీకు నర్సు తాకినా వుజూ పోతుందా?

జవాబు 1 రాసిన వ్యక్తి:
లేదండీ, హనఫీ ప్రకారం ఎవరో తాకినంత మాత్రాన పోదు. వుజూ గురించి చెప్పే ఆయతే (ఖురాన్ వాక్యమే), సూరా మాయిదాలో 6వది, చివర్లో అల్లా మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలనుకోవట్లేదు, శుభ్రపరచాలనుకుంటున్నాడు అంటుంది. తలకి గాయమైన ఒకతన్ని తోటివాళ్ళు తయమ్ముం కుదరదని స్నానం చేయిస్తే చనిపోయాడు, ప్రవక్త (స) చాలా కోపపడ్డారు, తెలియనప్పుడు అడగాల్సింది కదా అని. తమ్ముడూ, నువ్వు అడిగి మంచి పని చేశావ్.

ప్రశ్న అడిగిన వ్యక్తి:
ఇమాం సాబ్ నిన్న వచ్చారు, మీరు చెప్పినట్టే చెప్పారు, నాయన ఏమీ అనలేదు. ఇవాళ అసర్‌కి (సాయంత్రం నమాజ్‌కి) తనే "ఒరేయ్, మగ్గు తీసుకురా" అన్నాడు. నేను నీళ్ళు పోస్తుంటే ఎడమచేత్తో మొహం కడుక్కున్నాడు, కట్టు మీద మసహ్ చేశాడు. కాళ్ళు నేను కడిగాను. అయిపోయాక కూడా "మడమ తడిసిందా, సరిగ్గా చూడు" అని రెండుసార్లు అడిగాడు.