కుక్కకి బయట పెట్టే నీళ్లలో దోమల బిళ్ల వేయొచ్చా?

పెరటి కుక్క: మా కుక్క పగలంతా పెరట్లోనే ఉంటుంది. దానికోసం నలభై లీటర్ల తొట్టి పెట్టాం. నీళ్లు తగ్గినప్పుడల్లా పైన కొత్తవి పోస్తూనే ఉన్నాను. అయినా దోమ లార్వాలు (పిల్ల పురుగులు) కదులుతూనే ఉంటున్నాయి, అంచు చుట్టూ చీమలు. దోమ లార్వాలను చంపే బీటీఐ బిళ్ల వేస్తే చాలని కొందరు, తాగే నీళ్లలో ఏదీ కలపొద్దని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

పిల్లులిల్లు: బిళ్ల వద్దండీ, తొట్టి రుద్దండి. పైన పోస్తూ ఉండడమే ఇక్కడ చిక్కు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, తడిగా ఉన్న గోడకు అంటిస్తుంది. అవి ఎండినా నెలల తరబడి చావవు, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. మీరు పోసే కొత్త నీళ్లే వాటిని పొదిగిస్తున్నాయి. ఉన్న నీళ్లన్నీ పారబోసి, లోపలి గోడల్ని పీచుతో గట్టిగా రుద్దితేనే గుడ్లు ఊడతాయి. వేలికి జిగటగా తగిలే బ్యాక్టీరియా పొర కూడా అంతే, ఊరికే నీళ్లతో కడిగితే పోదు. ప్లాస్టిక్ అయితే గీతల్లో దాక్కుంటుంది, స్టీలు మేలు.

తోకాడించే దోస్త్: చిన్న గిన్నెకి మీరన్నది సరే. అంత తొట్టిని రోజూ ఎవరు ఎత్తి రుద్దుతారు? బీటీఐ మట్టిలో దొరికే బ్యాక్టీరియా నుంచి చేసేదే. దాని విషం లార్వా పేగులోని క్షార గుణానికే పనిచేస్తుంది, కుక్క కడుపులో ఉండేది ఆమ్లం. మనుషులు తాగే నీటి తొట్టెల్లో వాడే విషయాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పరిశీలించింది. తాగే నీటికి పనికొస్తుందని ప్యాకెట్ మీద రాసి ఉన్నదే తీసుకోండి. కుక్కకి హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) తెచ్చేది దోమే, అది మరిచిపోవద్దు.

పిల్లులిల్లు: బీటీఐ ప్రమాదమని నేననలేదు. అది మేస్తున్న లార్వాలనే చంపుతుంది, లార్వా తర్వాతి దశ అయిన ప్యూపాలను చంపదు. పాచి పోదు. ఎలుక మూత్రం కలిస్తే వచ్చే లెప్టోస్పైరోసిస్‌నీ ఆపదు. బిళ్ల వేశాంలే అని కడగడం మానేస్తారనే నా భయం. అయినా ఒక్క కుక్కకి నలభై లీటర్లెందుకు? మామూలుగా కిలో బరువుకి రోజుకు 50–60 మిల్లీలీటర్లు తాగుతుంది. ఇరవై కిలోల కుక్కకి లీటరు పైచిలుకు. ఎండల్లో ఇంకాస్త ఎక్కువ. రెండు చిన్న గిన్నెలు నీడలో పెట్టండి, ఒకటి ఒలికినా ఇంకొకటి ఉంటుంది.

పెరటి కుక్క: అంత తక్కువ సరిపోతుందని అనుకోలేదు. మరి చీమలకి? చుట్టూ చీమల చాక్‌పీస్ గీత గీయమంటున్నారు.

తోకాడించే దోస్త్: అది మాత్రం వద్దే వద్దు! వాటిలో ఉండేది పైరెత్రాయిడ్ అనే పురుగుల మందు. పాదాలకు అంటితే కుక్కలూ పిల్లులూ నాకేస్తాయి. ముఖ్యంగా పిల్లులు ఆ జాతి మందైన పర్మెత్రిన్‌ని అరిగించుకోలేవు, వణుకు, మూర్ఛ వస్తాయి. గిన్నెని వెడల్పు పళ్లెంలో పెట్టి, పళ్లెంలో నీళ్లు పోయండి, చీమలు దాటలేవు. అందులో సబ్బు, నూనె కలపొద్దు, కుక్క ఆ నీళ్లూ తాగుతుంది.

పిల్లులిల్లు: పళ్లెం నీళ్లూ రోజూ పారబోసి రుద్దాలి, లేకపోతే దోమలు అక్కడ గుడ్లు పెడతాయి. తిండి గిన్నె దూరంగా జరపండి. చీమలు ఎక్కువగా వచ్చేది మూతి నుంచి రాలిన మెతుకుల కోసమే.

తోకాడించే దోస్త్: ఒక్క కుక్క ఉన్న ఇంటికి చిన్న గిన్నెలే మంచివి, ఒప్పుకుంటాను. అయిదారు జంతువులు ఒకే తొట్టిలో తాగే చోట మాత్రం బీటీఐ వేయమనే చెబుతాను, వారానికోసారి రుద్దడంతో పాటు.