'గారపళ్ళు' అని పిలవడం ఆటపట్టించడమా, ఏడిపించడమా?

ప్రశ్న అడిగినవారు: కనిగిరి నాన్న

మాది కనిగిరికి దగ్గర్లోని పల్లె. మా అబ్బాయి నెల్లూరులో ఒక ప్రైవేటు బడి హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నాడు. మా వైపు పుట్టి పెరిగిన చాలామందికి ఉన్నట్టే వాడి ముందు పళ్ళ మీద కూడా గోధుమరంగు మరకలున్నాయి. బోరునీళ్ళలోని ఫ్లోరైడు వల్ల వచ్చిన మరకలవి. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తోటి పిల్లల పళ్ళూ అలాగే ఉండేవి కాబట్టి అదొక లోపమన్న ఊహే వాడికి లేదు.

దసరా సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వాడు అన్నం తింటూ ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం వాళ్ళమ్మ గమనించింది. మేమెంత అడిగినా చెప్పలేదు, చెల్లెలికి చెప్పాడు. జూన్ నుంచి గదిలోని ముగ్గురు పిల్లలు వాడిని సొంత పేరుతో పిలవడం మానేసి 'గారపళ్ళు' అంటున్నారట. హాజరు వేసేటప్పుడు వాడు పలకగానే వెనక బెంచీల నుంచి పళ్ళు తోముతున్నట్టు చప్పుడు చేస్తారట, దానికి తరగతంతా నవ్వుతుందట. సెలవుల్లో పిల్లలు తల్లిదండ్రుల ఫోన్లతో పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో వాడి మొహాన్ని గుర్రం బొమ్మకు అతికించి స్టిక్కరు చేశారు. దాన్ని వాళ్ళమ్మ ఫోనులో నేను కళ్ళారా చూశాను.

వార్డెనుకు ఫోను చేస్తే, మగపిల్లలన్నాక ఇవన్నీ మామూలేననీ, మనం పట్టించుకుంటే వాడే ఇంకా మెత్తబడిపోతాడనీ అన్నాడు. మా అన్నయ్య బడి మాన్పించి ఇంటికి తీసుకొచ్చెయ్యమంటున్నాడు. నా భార్య పళ్ళ డాక్టరు దగ్గర బాగుచేయిస్తే గొడవే ఉండదంటోంది. ముగ్గురి మాటలోనూ కొంత న్యాయం కనబడుతోంది, అందుకే ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. అనుభవమున్నవాళ్ళు చెప్పగలరా?

జవాబు: ఒంగోలు టీచరమ్మ

అన్నగారూ, ప్రకాశం జిల్లా పడమటి మండలాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఇరవై ఏళ్ళకు పైగా సైన్సు చెప్పినదాన్ని కాబట్టి ఈ పళ్ళూ తెలుసు, ఈ పేర్లూ తెలుసు. మీరడిగినదానికి మన భాషలోనే ఒక ఆధారముంది. ఆటపట్టించడం అంటే అందులో ఆట ఉండాలి, ఈరోజు నేను నిన్నంటే రేపు నువ్వు నన్ను అనగలగాలి, చాలన్నప్పుడు ఆగిపోవాలి. ఏడిపించడంలో ఒకడే ఎప్పుడూ ఏడ్చేవాడు, మిగిలినవాళ్ళెప్పుడూ నవ్వేవాళ్ళు. 1970ల నుంచి స్కాండినేవియా బడుల్లో ఈ విషయాన్ని పరిశోధించిన డాన్ ఓల్వేయస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన గుర్తులు కూడా ఇంచుమించు ఇవే: నొప్పించాలన్న ఉద్దేశం, పదేపదే జరగడం, ఎదుర్కోలేని బలహీన స్థితిలో ఒకరుండటం. జూన్ నుంచి దసరా దాకా, ముగ్గురు ఒకడిని, అదీ రాత్రిపూట తలుపు తీసుకుని ఇంటికి వెళ్ళిపోవడానికి వీల్లేని హాస్టల్లో. మూడు గుర్తులూ సరిపోయాయి. వార్డెను మామూలే అన్న మాటను మీరు మనసులోంచి తీసేయండి.

పళ్ళ సంగతి. ఆ మరకలు పన్ను దవడలో తయారవుతున్నప్పుడే, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపు తాగిన నీటి వల్ల ఏర్పడతాయి. అవి మురికి కావు, అంటుకునేవి కావు, ఎంత తోమినా పోయేవి కావు. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడు ఉండవచ్చుననీ, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చుననీ మన దేశ ప్రమాణం చెబుతుంది. మా బడిలో ఒక ఏడాది ఇదే గొడవ వచ్చినప్పుడు నేను పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తగ్గించే నల్లగొండ పద్ధతిని బకెట్లో చేసి చూపించి, పాఠంగా చెప్పాను. పాఠం బాగానే సాగింది, కానీ మధ్యలో పిల్లలందరూ తిరిగి ఆ ఒక్క అబ్బాయి వంకే చూశారు. మంచి చేయబోయి వాడిని బల్లమీద నమూనాగా నిలబెట్టానని అప్పుడు అర్థమైంది. మీరు బడివాళ్ళను ఇలాంటి పాఠం అడిగితే, మీ వాడి పేరు గానీ ఊరు గానీ అందులో రాకూడదని ముందే చెప్పండి.

మీ ఇంటావిడ మాటకు వస్తాను. మరకలు కప్పించే వైద్యముంది, తప్పు లేదు. అయితే ఏడిపించేవాళ్ళకు పళ్ళు ఒక సాకు మాత్రమే. పళ్ళు బాగుపడితే వాడి యాస మీదనో, ఊరి మీదనో పడతారు. పైగా ఇప్పుడు తీసుకెళ్తే తప్పు తన నోట్లోనే ఉందని పిల్లవాడు అనుకుంటాడు. వాడంతట వాడు అడిగిన రోజున చేయించండి.

చేయవలసిన పని కాగితం మీద మొదలవుతుంది. ఏ రోజు, ఏ సమయంలో, ఎక్కడ, ఎవరి ఎదుట ఏం జరిగిందో పిల్లవాడు చెప్పినంతవరకు రాసి, ప్రిన్సిపాలుకే ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. 'ఎక్కడ' అన్నది గట్టిగా అడగండి. హాస్టల్లో ఇవి ఎక్కువగా స్నానాల గదుల వరుసలోనూ, భోజనాల దగ్గరా, స్టడీ అవర్ అయ్యాక దీపాలు ఆర్పే లోపునా జరుగుతాయి. ఆ చోట్ల పెద్దవాళ్ళొకరు నిలబడితే సగం తగ్గడం నేను చూశాను. నలుగురినీ ఒకేసారి పిలిచి 'చేతులు కలుపుకోండి' అనే రాజీ మాత్రం వద్దని రాయండి. ఇద్దరూ సమానులై పోట్లాడుకుంటే రాజీ పనికివస్తుంది గానీ, ఇక్కడ చెయ్యి కలిపిన ఆ రాత్రే 'చాడీలు చెబుతావా' అంటూ మళ్ళీ మొదలవుతుంది. ఎవరిని వారిని విడిగా పిలిచి మాట్లాడాలి.

జవాబు: సోమశిల రైతు

నన్ను బడిలో పదేళ్ళపాటు 'బక్కోడు' అన్నారు, నేనేమీ చెడిపోలేదు. పిల్లవాడిని మరీ గాజుబొమ్మలా చూస్తే రేపు లోకంలో ఎలా బతుకుతాడో ఆలోచించుకోండి. రెండు దెబ్బలు తిరిగి కొట్టమనండి, సరిపోతుంది.

జవాబు: కావలి పాత హాస్టలువాసి

పెద్దాయనా, మీరు తట్టుకున్నారు, సంతోషమే. మా హాస్టల్లో తట్టుకోలేనివాడొకడు ఉండేవాడు. తిరిగి కొట్టమని వాళ్ళ మామ చెబితే కొట్టాడు కూడా. ముగ్గురు కలిసి వాడిని కొట్టారు, వార్డెను నలుగురికీ సమానంగా శిక్ష వేశాడు. పదో తరగతి పరీక్షలకు రెండు నెలల ముందు పెట్టె సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ ముగ్గురిలో నేను లేను, అయితే పక్క మంచం మీద కూర్చుని ప్రతిసారీ నవ్వినవాడిని నేనే. నాకు వాడి మీద కోపమేమీ లేదు. నవ్వకపోతే తర్వాతి పేరు నాకే పడుతుందన్న భయం.

ఫిన్లండులో క్రిస్టినా సాల్మివల్లి అనే పరిశోధకురాలు 1990లలోనే ఈ నవ్వేవాళ్ళను లెక్కలోకి తీసుకున్నారని చాలా కాలం తర్వాత చదివాను. ఏడిపించేవాడికి వెనక నిలబడే తోడుదొంగలు, నవ్వి ఉసిగొలిపేవాళ్ళు, చూసీ చూడనట్టు పోయేవాళ్ళు, బాధితుడి పక్షాన నిలిచేవాళ్ళు అని తరగతినంతా ఆవిడ విడదీసి చూశారు. అక్కడి బడుల్లో అమలు చేస్తున్న 'కివా' కార్యక్రమం ఈ చూపు మీద నిలబడినదే. కనిగిరి నాన్నగారూ, మీ అబ్బాయి హాజరు పలికినప్పుడు తరగతంతా నవ్వుతుందని రాశారు కదా, నాకు ఆ ముగ్గురికన్నా ఆ నవ్వే ముఖ్యంగా కనబడుతోంది. హాజరు వేసే మాస్టారు ఒక్కరోజు పుస్తకం మూసి, నవ్వు ఆగేదాకా ఊరికే చూస్తూ నిలబడితే చాలు. అలాగే గదిలో ఎప్పుడూ నవ్వని పిల్లవాడు ఒకడైనా ఉంటాడు, వాడెవడో మీ అబ్బాయిని అడిగి, ఆ ఇద్దరి మంచాలూ పక్కపక్కన వేయించమనండి.

ఒక మాట పక్కదారిగా. ఇప్పుడు నేను ఉద్యోగం చేసేచోట మా పైఅధికారి ప్రతి సోమవారం సమావేశంలో ఒక గుమాస్తా ఇంగ్లీషును వెక్కిరిస్తాడు, పన్నెండు మందిమి నవ్వుతాం. ఆ హాస్టలు గదికీ ఈ ఏసీ గదికీ తేడా ఏమిటో నాకు తెలియడం లేదు.

జవాబు: నెల్లూరు వకీలు

చట్టం మాట కొంత చెబుతాను. ఫోనులో అవమానిస్తే ఐటీ చట్టం 66ఎ కింద కేసు పెట్టమని ఇప్పటికీ సలహా ఇచ్చేవాళ్ళున్నారు. ఆ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది, దాన్ని మరచిపోండి. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షను బడిలో పిల్లలను శారీరకంగా శిక్షించడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. వార్డెను గానీ మాస్టారు గానీ తానూ ఆ పేరుతో పిలిచినట్టు తెలిస్తే ఉత్తరంలో ఈ సెక్షనును తప్పక ప్రస్తావించండి. పెట్టిన పేరు కులాన్ని పట్టి పెట్టినదైతే లెక్క వేరు, అప్పుడు 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం దాకా వెళ్ళవచ్చు.

స్టిక్కరును తొలగించమనే ముందు, పంపిన నంబరూ తేదీ కనబడేలా స్క్రీన్‌షాటు తీసి దాచండి. తర్వాత గ్రూపు అడ్మిన్‌గా ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులతో మర్యాదగా మాట్లాడండి, ఎవరు పెట్టిన సందేశాన్నైనా అందరి ఫోన్లలోంచి తుడిచే వీలు అడ్మిన్‌కు ఉంటుంది. అది కుదరకపోతే వాట్సాప్‌కే ఫిర్యాదు చేయండి. మార్చి అతికించిన మొహం చిత్రాల మీద బాధితుడి తరఫున ఫిర్యాదు వస్తే వేగంగా స్పందించవలసిన బాధ్యతను 2021 ఐటీ నిబంధనలు ఆ సంస్థల మీద పెట్టాయి. ఆ పైన జాతీయ సైబర్ నేరాల పోర్టలు, పిల్లల కోసం 1098 నంబరు ఉన్నాయి. పోలీసు స్టేషను మాత్రం చివరి మెట్టుగా ఉంచుకోమంటాను, ఎందుకంటే అవతల ఉన్నవాళ్ళూ పదమూడేళ్ళ పిల్లలే. కొట్టడం, డబ్బు గుంజడం, ఒంటి మీది బట్టల జోలికి రావడం లాంటివి బయటపడితే ఒక్క రోజు కూడా ఆగవద్దు.

కావలి మిత్రునికి: స్త్రీలపై లైంగిక వేధింపులకు 2013 చట్టముంది. పదిమందీ అంతకు మించీ పనిచేసేచోట అంతర్గత కమిటీ ఉండాలి, మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. మీ గుమాస్తాకు జరిగే అవమానానికి అలాంటి ప్రత్యేక చట్టమేదీ మనకు లేదు. తేదీలు వేసి రాసిపెట్టుకోమనండి, మీరు సాక్షిగా సంతకం పెట్టగలరేమో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: కనిగిరి నాన్న (మూడు వారాల తర్వాత)

అందరికీ నమస్కారం. టీచరమ్మగారు చెప్పినట్టు రెండు పేజీల ఉత్తరం రాసి, పామూరు మీదుగా వెళ్ళే తెల్లవారు బస్సులో నెల్లూరు చేరి ప్రిన్సిపాలుకే ఇచ్చాను. అందినట్టు సంతకం పెట్టడానికి ఆయన కొంత తటపటాయించారు, నేను కుర్చీలోంచి లేవకపోయేసరికి పెట్టారు. ముగ్గురినీ విడివిడిగా పిలిచి మాట్లాడారట. స్నానాల దగ్గర పొద్దున్నే ఒక మాస్టారు నిలబడుతున్నారు. స్టిక్కరు గ్రూపులోంచి పోయింది, ఎవరి ఫోనులో దాచుకున్నారో మనకు తెలియదు. ఆ ముగ్గురిలో ఇద్దరు మానేశారు. మూడోవాడు మా వాడితో అసలు మాట్లాడటం మానేశాడు, భోజనాల బల్ల దగ్గర వాడు వస్తే లేచిపోతున్నాడట. ఇది కూడా ఏడిపించడమేనని నాకు అనిపించి, ప్రిన్సిపాలుకు రెండో ఉత్తరం రాశాను.

నవ్వని పిల్లవాడు నిజంగానే ఒకడున్నాడు, గూడూరు వాడు. మంచాలు మార్చారు. మొన్న ఆదివారం ఫోనులో మా వాడు చాలాసేపు ఆ గూడూరు అబ్బాయి కబుర్లే చెప్పి, పెట్టేసే ముందు, సంక్రాంతికి వచ్చినప్పుడు పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తావా నాన్నా అని అడిగాడు. వాడే అడిగాడు కాబట్టి సరేనన్నాను.