చింతపల్లి దగ్గర ఊళ్లో ఉన్న అమ్మకి ఏ ఫోను, ఏ సిమ్ము తీసుకోవాలి?

కాఫీతోట:
నమస్కారం అండి. మాది చింతపల్లి నుంచి ఇంకా లోపలికి వెళ్లాలి, కొండవాలులో ఊరు. నేను హైదరాబాదులో పనిచేస్తున్నాను. అమ్మ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి వెనక మూత లేచింది, ఇక మార్చాల్సిందే. పన్నెండు వేలు అనుకుంటున్నాను, మంచిదైతే ఇంకో రెండు వేలు పెడతాను. అమ్మ నాతో వీడియో కాల్ మాట్లాడుతుంది, పొదుపు సంఘం వాట్సాప్ గ్రూపు చూసుకుంటుంది, ఫోన్‌పే వాడుతుంది. కాఫీ పూతకొస్తే మాత్రం ఫోటోలే ఫోటోలు.

అసలు బాధ సిగ్నల్‌తో. ఇప్పుడున్న సిమ్‌కి ఇంట్లో మాట వినపడదు, చింతచెట్టు దాకా రావాలి. వానాకాలం రాత్రిపూట ఒంట్లో బాగోకపోతే అంత దూరం ఎలా నడుస్తుంది? నాకు అదే టెన్షన్. 5జీ ఫోను కొంటే ఇంట్లో సిగ్నల్ వస్తుందా? నంబరు మాత్రం మార్చలేం, బ్యాంకు, ఆధార్ అన్నీ దానికే ఉన్నాయి. నాన్న కీప్యాడ్ ఫోను వదలనంటున్నారు.

సెల్ రిపేర్, నర్సీపట్నం:
తమ్ముడూ, ముందు ఆ ఉబ్బిన ఫోన్‌కి ఛార్జింగ్ పెట్టొద్దని అమ్మగారికి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. బ్యాటరీ అంటుకుంటే ఆర్పడం కష్టం.

ఇక ఫోను సంగతి తర్వాత, ముందు నెట్‌వర్క్ తేల్చుకో. 5జీ ఫోను కొన్నంత మాత్రాన లేని సిగ్నల్ రాదు. టవర్ తరంగాల ఫ్రీక్వెన్సీ తక్కువైతే సిగ్నల్ దూరం పోతుంది, గోడలు దాటి లోపలికీ బాగా వస్తుంది. బీఎస్ఎన్ఎల్ 4జీ 700, 2100 మెగాహెర్ట్జ్ మీద నడుస్తుంది. ఆ 700నే బ్యాండ్ 28 అంటారు. తక్కువ ధర ఫోన్లన్నిట్లోనూ అది ఉండదు. ఊళ్లో ఆ టవర్ ఉండి ఫోన్లో ఆ బ్యాండ్ లేకపోతే ఉపయోగం లేదు. కంపెనీ సైట్‌లో ఇండియా మోడల్ వివరాలు తెరిచి చూడు, షాపులో అడిగితే చాలామందికి తెలియదు. జియో వాడే 850 మాత్రం ఇక్కడ అమ్మే దాదాపు అన్ని 4జీ ఫోన్లలో ఉంటుంది.

ఊరెళ్లినప్పుడు చుట్టుపక్కల వాళ్ల సిమ్ములు అడిగి తీసుకో, ఒక్కో కంపెనీది ఒకటి. అమ్మగారు పడుకునే గదిలో తలుపులేసి, ఒకే ఫోన్లో ఒక్కోటి వేసి కాల్ చేసి మాట్లాడు. గీతలు చూసి నమ్మొద్దు. సాయంత్రం అందరూ ఫోన్లు పట్టుకునే వేళ మళ్లీ చేసి చూడు. కంపెనీల వెబ్‌సైట్లలో కవరేజీ మ్యాపులు ఉంటాయి, కానీ మ్యాప్‌లో రంగు ఉందని మీ గదిలో సిగ్నల్ ఉన్నట్టు కాదు.

ఏది బాగుంటే దాని కొత్త సిమ్ రెండో స్లాట్‌లో వేసి ఓ నెల వాడండి. నచ్చాకే పాత నంబరును పోర్ట్ చేయండి, అంటే నంబరు అదే ఉంచి కంపెనీ మార్చండి. ఇంగ్లీషులో PORT అని రాసి, ఖాళీ వదిలి, నంబరు రాసి 1900కి మెసేజ్ పంపితే కోడ్ వస్తుంది, మన దగ్గర అది నాలుగు రోజులు పనిచేస్తుంది. ఇప్పుడున్న కంపెనీలో 90 రోజులు నిండి ఉండాలి. సిమ్ ఎవరి పేరున ఉందో కూడా చూసుకో, ఆ కోడ్ తీసుకుని కొత్త కంపెనీ షాపుకి వాళ్లే వెళ్లాలి. మారే రాత్రి కొన్ని గంటలు ఓటీపీలు రావు, బ్యాంకు పని పెట్టుకోవద్దు.

ఏఎన్ఎం అక్క:
బాబూ, నేను గూడేల్లో తిరుగుతాను కాబట్టి చెబుతున్నా. మీ అమ్మకి వేర్వేరు కంపెనీలవి రెండు సిమ్ములు ఎప్పటికీ ఉంచు. ఒక టవర్ వానకి పడిపోతే రెండోది దిక్కు. రెండో సిమ్‌కి పెద్ద ప్యాక్ అక్కర్లేదు. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశం వచ్చాక, డేటా లేకుండా కాల్స్, మెసేజ్‌లకే ప్యాక్‌లు పెట్టారు. నాన్నగారికీ అదే సరిపోతుంది. కానీ పాత 2జీ కీప్యాడ్‌లో జియో సిమ్ పనిచేయదు, వాళ్లకి 2జీ టవర్లే లేవు. ఎయిర్‌టెల్, వీఐ, బీఎస్ఎన్ఎల్‌లలో మీ ఊళ్లో ఏది అందితే అది చూడు.

ఫోన్‌పే వాడుతుందంటున్నావు కాబట్టి సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారో అడుగు. నా మటుకు కెమెరా కంటే అదే ముఖ్యం. స్పీకర్ గట్టిగా వినపడాలి, ఎండలో తెర కనపడాలి. ఇవి షాపులో పట్టుకుని చూస్తేనే తెలుస్తాయి, ఆన్‌లైన్లో తీసుకోకు. 108కి, నీకు ఒక్క నొక్కుతో కాల్ వెళ్లేలా పెట్టి, అమ్మచేత చేయించి చూపించు.

కాఫీతోట:
అక్కా, అన్నా, చాలా థ్యాంక్స్. ఉబ్బిన ఫోను పక్కన పెట్టించాను, నాన్న ఫోన్ నుంచి మాట్లాడుతోంది. సంక్రాంతికి వెళ్లి సిమ్ములు మార్చి చూస్తాను. మాది మట్టిగోడ, పైన రేకులు. రేకుల వల్ల కూడా సిగ్నల్ ఆగుతుందా?

సెల్ రిపేర్, నర్సీపట్నం:
ఆగుతుంది తమ్ముడూ. ఇనుప రేకు సిగ్నల్‌ని వెనక్కి కొట్టేస్తుంది. టవర్ ఏ దిక్కున ఉందో కనుక్కుని, ఆ వైపు కిటికీ దగ్గర కూడా కాల్ చేసి చూడు. అక్కడ వినపడితే అమ్మగారి మంచం, ఛార్జింగ్ బోర్డు అటే పెట్టించు. ఊళ్లో ఫైబర్ నెట్ కనెక్షన్ దొరికితే వైఫై కాలింగ్ ఉన్న ఫోను తీసుకో. సిమ్ కంపెనీ కూడా అది ఇస్తుందో లేదో ముందే అడుగు. అప్పుడు టవర్ అందకపోయినా, కరెంటు ఉన్నంతసేపు ఇంట్లోంచే మామూలు కాల్ వెళ్తుంది.